వైర్లు వేలాడే రోజు

పోయిన ఆగస్టులో ఒక రాత్రి పదకొండు దాటాక మా మరదలు ఫోన్ చేసింది. మణికొండలో వాన దంచికొడుతోంది. ఇన్వర్టర్ మీద లైట్లు, ఫ్యాన్లు నడుస్తున్నాయి గానీ ఫ్రిజ్ ఆగిపోయింది, ఏసీ లేదు. ఎదురు ఫ్లాట్లో అన్నీ ఉన్నాయి.

"వదినా, డబ్బాలో ఆ వెడల్పు స్విచ్చు పడిపోతోంది. ఎత్తగానే టక్కుమని మళ్లీ పడుతోంది."

అది ఆర్సీసీబీ. కరెంటు ఎక్కడో దారి తప్పి భూమిలోకి పోతుంటే పట్టుకునేది అదే. ఇంట్లో లైట్లన్నీ ఆపి ఎత్తమన్నాను. నిలబడింది. ఒక్కో స్విచ్చూ వేసుకుంటూ రమ్మన్నాను. వంటగది, బెడ్‌రూమ్, హాల్ ట్యూబ్‌లైట్... కిటికీ వైపు స్పాట్ లైట్లు వేయగానే ఫోన్లో నాకే వినబడింది, టక్. ఆ స్విచ్చు ముట్టుకోకుండా పడుకోండి, పొద్దున వస్తాను అన్నాను.

పొద్దున తొమ్మిదికి వెళ్లేసరికి మా తమ్ముడు అప్పటికే అపార్ట్‌మెంట్ ఎలక్ట్రీషియన్‌ని పిలిపించేశాడు. సమస్య తీరిపోయిందట. ఎలా తీరిందని చూస్తే, ఆ కుర్రాడు ఆర్సీసీబీని పక్కన పెట్టి వైర్లు రెండూ డైరెక్ట్‌గా కలిపేశాడు. "ఆ ముక్క ఖరాబైంది మేడం. వానలకు గట్లనే ఐతది. కొత్తది తెచ్చేదాక డైరెక్ట్ పెట్టిన" అన్నాడు. స్పాట్ లైట్లు దివ్యంగా వెలుగుతున్నాయి. అందరూ సంతోషంగా ఉన్నారు. మరదలు టీ ఇస్తూ మాటవరసకి అంది: "నాలుగు రోజుల నుంచి కర్టెన్ జరుపుతుంటే రాడ్ జివ్వుమంటోంది వదినా. సాయంత్రాలే. పగలు ఏమీ ఉండదు."

టీ కప్పు బల్ల మీద పెట్టి వెళ్లి మెయిన్ దించేశాను. స్పాట్ లైట్లు అలాగే వెలుగుతున్నాయి. ఇన్వర్టర్!

మన హైదరాబాదు ఇళ్లలో ఇదొక తిరకాసు. ఇన్వర్టర్ మీద ఉండేవి సరిగ్గా లైట్లు, ఫ్యాన్లే. అంటే లైట్ల వైరింగ్ మీద చెయ్యి పెట్టాలనుకున్న మనిషికి మెయిన్ దించడం ఏ రక్షణా కాదు. ఇన్వర్టర్ ఆపాలి, దాని అవుట్‌పుట్ వైరు ఊడదీయాలి, ఆ తర్వాత టెస్టర్ పెట్టి చూడాలి. ఇది మరిచిపోయి మెగ్గర్ (వైరు తొడుగు ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరు) తగిలించినవాళ్లు ఇన్వర్టర్ అన్నా కాల్చుకుంటారు, మెగ్గర్ అన్నా కాల్చుకుంటారు. అంతకన్నా పెద్దవి కాలకపోతే అదృష్టం.

నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి, బాలానగర్‌లో ట్రాన్స్‌ఫార్మర్లు చేసే ఒక చిన్న కంపెనీలో టెస్టింగ్ బల్ల దగ్గర పందొమ్మిదేళ్లు పనిచేశాను. అక్కడ మెగ్గర్ కొట్టకుండా ఒక్క ముక్క గేటు దాటేది కాదు. అదే కంపెనీలో పనిచేసిన మేమందరం ఫ్లాట్లు కొనుక్కున్నాం, లక్షలు పోసి ఫాల్స్ సీలింగులు వేయించుకున్నాం. ఒక్కరి ఇంట్లోనూ ఎవరూ మెగ్గర్ కొట్టలేదు. మా ఇల్లూ అంతే. సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

నా వాదన ఏమిటంటే, ఫాల్స్ సీలింగ్ పనిలో ఒక రోజు ఉంటుంది. బోర్డులు బిగించేశారు, లైట్లకి గుండ్రటి రంధ్రాలు కోసేశారు, రంధ్రాల్లోంచి వైర్ల కొసలు వేలాడుతున్నాయి, ట్రాన్స్‌ఫార్మర్లూ డ్రైవర్లూ (లైట్లకి కావాల్సిన తక్కువ వోల్టులు ఇచ్చే చిన్న డబ్బాలు) ఇంకా పెట్టలేదు. ఇన్సులేషన్ (వైరు తొడుగు) పరీక్షకి అదే రోజు. దానికి ముందు కొడితే చాలదు, ఎందుకంటే వైర్లలో దిగబడే స్క్రూలు బోర్డులు బిగించేటప్పుడే దిగుతాయి. దాని తర్వాత కొడితే అంకె మసకబారుతుంది, ఎందుకంటే వైర్ల మధ్యలోకి ట్రాన్స్‌ఫార్మర్లు వచ్చి కూర్చుంటాయి. అవి లేని తప్పు ఉన్నట్టూ చూపిస్తాయి, ఉన్న తప్పు లేనట్టూ చూపిస్తాయి. ఆ ఒక్క రోజు మెగ్గర్ కొట్టి అంకెలు రాసివ్వని కాంట్రాక్టర్‌కి ఆఖరి బిల్లు ఆపేయండి. ఇంటీరియర్ పనిలో మన చేతిలో ఉండే ఆయుధం అదొక్కటే.

మెగ్గర్ అనేది నిజానికి ఒక బ్రాండ్ పేరు. లండన్‌లో ఎవర్‌షెడ్ అండ్ విగ్నోల్స్ కంపెనీ 1903లో రిజిస్టర్ చేసుకుంది. జిరాక్స్ లాగా అదీ అందరి నోటా మామూలు మాటైపోయింది. పాతవి చేత్తో తిప్పేవి, నిమిషానికి 160 తిప్పులు. కాలేజీ ల్యాబ్‌లో చేతులు పడిపోయేవి. ఇప్పుడు మీట నొక్కితే చాలు. అది చేసే పని సులువే: వైరుకీ ఎర్త్‌కీ మధ్య 250 వోల్టులో 500 వోల్టులో డీసీ ఒత్తిడి పెట్టి, ఎంత కరెంటు కారుతోందో చూసి, దాన్ని మెగాఓముల్లో (ఒక మెగాఓమ్ అంటే పది లక్షల ఓములు, అంకె పెద్దదైతే తొడుగు గట్టిదని) చెబుతుంది. మల్టీమీటర్ పెట్టి చూశాం కదా అంటారు చాలామంది. మల్టీమీటర్ ఓముల్లో పెడితే లోపలి బ్యాటరీ నుంచి వైరు మీద పడేది రెండు మూడు వోల్టులే. కన్నం పడిన గొట్టంలో చెంచాడు నీళ్లు పోసి కారడం లేదు అన్నట్టుంటుంది. మనవాళ్లు వాడే సిరీస్ బల్బూ అంతే. నేరుగా షార్ట్ అయితే వెలుగుతుంది, సన్నగా కారుతుంటే ఉలకదు.

ఎంత రావాలి? మన దేశపు వైరింగ్ ప్రమాణం ఐఎస్ 732 పాత ప్రతి (1989) ఒక చక్కటి లెక్క చెప్పేది: యాభైని పాయింట్ల (లైట్లు, ఫ్యాన్లు, ప్లగ్గుల) సంఖ్యతో భాగించు, అన్ని మెగాఓములు రావాలి. పది పాయింట్లుంటే అయిదు. ఇల్లు మొత్తానికి కలిపి ఒకటి వస్తే చాలు. ఇప్పటి పద్ధతిలో 230 వోల్టుల సర్క్యూట్‌కి 500 వోల్టులు పెట్టి కనీసం 1 మెగాఓమ్. 12 వోల్టుల వైపు, అది నిజంగా మెయిన్స్ నుంచి విడిగా ఉన్నదైతే, 250 వోల్టులు పెట్టి కనీసం 0.5. కనీసం అంటే కనీసమే. కొత్త వైరింగ్‌లో వందల్లో రావాలి. కొత్త ఇంట్లో 2 వచ్చింది, పాసైంది అని సంబరపడేవాడు ముప్పై అయిదు మార్కులకి మిఠాయిలు పంచేవాడితో సమానం.

కొత్త కనెక్షన్ ఇచ్చే ముందు ఇన్సులేషన్ చూడాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనల్లో ఉన్నదే. కానీ ఆ వేళకి బిల్డర్ ఇచ్చే ఫ్లాట్లో ఏముంటాయి, గోడకి నాలుగు హోల్డర్లు. సీలింగ్, దాని అంచుల్లో దాచే కోవ్ లైట్లు, స్పాట్లు, కప్‌బోర్డు కింద స్ట్రిప్పులు, అన్నీ తర్వాత వచ్చేవే. కొత్తగా కలిపిన వైరింగ్‌కీ పరీక్ష చేయాలని పుస్తకాల్లో ఉంది. చేయమని అడిగేవాడు లేడు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. మూడేళ్ల కిందట, ఉద్యోగం మానేశాక, ఊరికే కూర్చోలేక మా ఇంట్లో లైట్ల సర్క్యూట్లు పరీక్షిద్దామని మెగ్గర్ తీశాను. ఫ్యాక్టరీ అలవాటు కొద్దీ 500 వోల్టుల మీద పెట్టి ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య కొట్టాను. లైట్లు తీయలేదు. రీడింగ్ కింద మొదలై మెల్లగా పైకి పాకింది. మంచి కేబుల్ కూడా అలాగే పాకుతుంది, అందుకని బాగానే ఉందనుకున్నాను. అది కేబుల్ కాదు. ఎల్ఈడీ డ్రైవర్ల లోపలి కెపాసిటర్లు నిండుతున్నాయి. 230 వోల్టుల ఏసీ శిఖరం 325 వోల్టులు, ఆ కెపాసిటర్లు మామూలుగా 400 వోల్టులకి చేసినవి. నేను 500తో వాటి నోట్లో కుక్కుతున్నాను. ఆ సాయంత్రం రెండు డ్రైవర్లు వెలగలేదు. ట్రాన్స్‌ఫార్మర్ల కంపెనీలో పందొమ్మిదేళ్లు చేసినామె ఇంట్లో లైట్లు కాల్చిందని మా ఆయన ఇప్పటికీ చుట్టాలకి చెబుతుంటారు.

ఆ కొలత వల్ల వచ్చే లాభం కూడా సున్నా. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య లైటు ఉన్నంతసేపు మెగ్గర్ కొలిచేది లైటునే, వైరు తొడుగుని కాదు. పాత ఇనుప ట్రాన్స్‌ఫార్మరైతే ప్రైమరీ (230 వైపు) చుట్టే కదా, డీసీకి పదుల ఓములే. మెగ్గర్ సున్నా చూపిస్తుంది. తెలియనివాడు షార్ట్ అని సీలింగ్ పగలగొట్టిస్తాడు.

లైట్లు తీయడం కుదరనప్పుడు చేయాల్సింది వేరు. ఫేజు, న్యూట్రల్ రెండూ కలిపి ముడివేసి, ఆ ముడికీ ఎర్త్‌కీ మధ్య కొట్టాలి, అదీ 250 వోల్టులతో. అప్పుడు డ్రైవర్ రెండు కాళ్లూ ఒకే ఎత్తులో ఉంటాయి, దాని లోపల ఒత్తిడి పడదు, కాలదు. న్యూట్రల్‌ని డీబీలో (స్విచ్చుల డబ్బాలో) న్యూట్రల్ లింకు నుంచి ఊడదీయాలి. ఎంసీబీ (ఒక్కో సర్క్యూట్‌కి డబ్బాలో ఉండే స్విచ్చు) దించితే తెగేది ఫేజు మాత్రమే. న్యూట్రల్ అన్ని సర్క్యూట్లతో, బయటి సప్లైతో కలిసే ఉంటుంది, బయట ఎక్కడో అది ఎర్త్ అయి ఉంటుంది. ఊడదీయకుండా కొడితే సున్నాయే వస్తుంది, దానికోసం సగం రోజు వెతుక్కోవచ్చు. పక్క గది న్యూట్రల్‌ని ఈ గది లైటుకి వాడేసిన ఇళ్లూ బోలెడు. వైరు లాగడానికి బద్ధకమేసిన చోట్ల జరిగే దొంగతనమది. మెగ్గర్ పెడితే అదీ బయటపడుతుంది.

తమ్ముడి ఇంట్లో నేను మొదట చేసింది ఇదే. ఇన్వర్టర్ విడదీసి, హాల్ లైట్ల ఫేజు, న్యూట్రల్ ఊడదీసి, ముడివేసి, ఎర్త్‌కి 250తో కొట్టాను. 0.02. అంటే ఇరవై వేల ఓములు. వాన ఆగి ఎండ కాస్తున్న వేళకి అది. 230 వోల్టులకి ఇరవై వేల ఓములంటే పదకొండున్నర మిల్లీయాంపులు. ఆర్సీసీబీ పడేది ముప్పై లోపు, సగం పైన. అందుకే ఎండ ఉన్నప్పుడు నోరు మెదపలేదు. రాత్రి స్లాబు తడిసి దారి ఇంకా సుగమమయ్యాక అరిచింది. అరిచిందని దాన్ని పీకేశారు.

ఎలక్ట్రీషియన్ కుర్రాడు మీటర్ వంక చూస్తూ నిలబడ్డాడు. కిటికీ స్పాట్ల స్విచ్చు ఆపమన్నాను. ఫేజులో తప్పు స్విచ్చు అవతల ఉంటే, స్విచ్చు ఆపగానే అంకె వందల్లోకి ఎగరాలి. ఎగరలేదు. 0.3 అయింది. మరి తప్పు ఫేజులోనా, న్యూట్రల్‌లోనా? స్విచ్చుకి ముందా, తర్వాతా? ఏదీ తేలదు. ఎందుకంటే న్యూట్రల్ వైపు నుంచి ట్రాన్స్‌ఫార్మర్ లోపలి డయోడ్లు, రెసిస్టర్ల గుండా చుట్టూ తిరిగి వెళ్లి మెగ్గర్ అదే చోటికి చేరుతోంది. స్విచ్చు అడ్డం పెట్టినా వెనక వాకిలి తెరిచే ఉంది. ట్రాన్స్‌ఫార్మర్లు అబద్ధం చెప్పిస్తాయన్నానే, ఇదీ ఆ అబద్ధం.

ఆ ఫ్లాటు మావాళ్లు పాతది కొన్నారు. ముందాయన వేయించిన సీలింగ్, అప్పట్లో గొప్ప ఫ్యాషన్‌గా ఉన్న యాభై వాట్ల 12 వోల్టుల హాలోజన్ స్పాట్లు, ఒక్కోదానికి ఒక ఎలక్ట్రానిక్ ట్రాన్స్‌ఫార్మర్. మావాడు బిల్లు తగ్గుతుందని కొన్నింటిలో బల్బులు మాత్రం ఎల్ఈడీవి మార్చాడు, ట్రాన్స్‌ఫార్మర్లు అవే ఉంచాడు. (ఇరవై వాట్ల పైన లోడు ఉంటేనే సరిగా నడిచే ట్రాన్స్‌ఫార్మర్ మీద అయిదు వాట్ల బల్బు పెడితే అది గుడ్లు మిటకరిస్తుంది. బల్బు కంపెనీని తిట్టుకుంటారు.) స్ప్రింగులు నొక్కి ఎనిమిది స్పాట్లూ కిందికి దించి, ట్రాన్స్‌ఫార్మర్ల 230 వైపు కనెక్టర్లు విప్పేశాం. నిచ్చెన ఎనిమిదిసార్లు జరిపాం. గంటంబావు పట్టింది. పన్నెండేళ్ల కిందట ఒక పూట చేయాల్సిన పనికోసం వైర్లు వేలాడే రోజుని మళ్లీ తెచ్చుకున్నాం.

ఇప్పుడు కొడితే అంకెలు స్పష్టంగా మాట్లాడాయి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ 200 పైన. స్విచ్చు ఆపి ఫేజుకీ ఎర్త్‌కీ 150. స్విచ్చు వేసి, 0.02. అంటే స్విచ్చు నుంచి స్పాట్లకి వెళ్లే ఫేజు వైరు. స్విచ్చులన్నీ వేసి కొట్టాలని చెప్పేది ఇందుకే. స్విచ్చులు ఆపేసి కొట్టి "నూట యాభై వచ్చింది సార్" అని సంతకం పెట్టించుకునేవాళ్లని నేను చూశాను. స్విచ్చు ఆపితే మెగ్గర్ బోర్డు దాకే వెళ్తుంది, సీలింగ్‌లోకి వెళ్లదు.

ఇక వెతుకులాట. స్పాట్ రంధ్రంలోంచి ఫోన్ లోపలికి పెట్టి, టార్చ్ వేసి, వీడియో తీస్తూ తిప్పాను. దుమ్ము, ఒక ఎండిన బల్లి, జిప్సం పొడి, సున్నం మరకలు. మూడో రంధ్రంలో దొరికింది. సీలింగ్ బోర్డులు బిగించే జీఐ (ఇనుప రేకు) చానల్‌ని ఆనుకుని వెళ్తున్న తెల్లటి ఫ్లెక్సిబుల్ పైపు. కింది నుంచి బోర్డు గుండా వచ్చిన నల్ల స్క్రూ చానల్‌ని చీల్చుకుని పైపులోకి దూరింది. స్క్రూ చుట్టూ పైపు మీద కాఫీ మరక రంగులో వలయం. ఆ స్క్రూ వైరు రాగిని తాకుతోంది. చానల్ గోడ పొడవునా వెళ్లి కిటికీ దగ్గర మడత తిరిగింది. కర్టెన్ రాడ్ బ్రాకెట్ స్క్రూలు అదే చానల్‌లోకి బిగించారు. చానల్‌కి ఎర్త్ లేదు. రాల్ ప్లగ్గులతో స్లాబుకి వేలాడుతోంది, స్లాబు తడిసినప్పుడు మాత్రమే దానికి భూమి దొరుకుతుంది.

స్పాట్ లైట్లు వేసిన ప్రతి సాయంత్రం సీలింగ్ ఇనుమంతా, కర్టెన్ రాడ్‌తో సహా, 230 వోల్టుల మీద ఉంటోందన్నమాట. ఆ 0.02 మనిషికి రక్షణేమీ కాదు, అది చానల్ నుంచి తడి స్లాబు దాకా ఉన్న దారి. వైరుకీ చానల్‌కీ మధ్య అడ్డమే లేదు. మరదలు ఇంట్లో రబ్బరు చెప్పులేసుకుని తిరుగుతుంది, నేల పాలిష్ టైల్స్, అందుకే జివ్వుమనడంతో సరిపోయింది. తల స్నానం చేసి వట్టి కాళ్లతో వచ్చి కర్టెన్ జరిపి ఉంటే? పది మిల్లీయాంపుల దగ్గరే పట్టుకున్న చెయ్యి వదలదు. ఈ మాట నేను ఆమెతో అనలేదు. తమ్ముడితో అన్నాను.

కుర్రాడు వీడియో రెండుసార్లు చూశాడు. తర్వాత చెప్పకుండానే వెళ్లి డబ్బాలో ఆర్సీసీబీ మళ్లీ బిగించాడు. కొత్త ముక్క కొనలేదు. పాతది నిక్షేపంగా ఉంది.

కథ ఇక్కడ అయిపోయిందనుకుంటే, వీడియోలో ఇంకొకటి కనిపించింది. దించిన ఎనిమిది స్పాట్లలో రెండింటికి, ఇంకా హాలోజన్ బల్బులే ఉన్నవాటికి, హోల్డర్ దగ్గర 12 వోల్టుల వైర్ల తొడుగు గోధుమ రంగుకి తిరిగింది. వేలితో ముట్టుకుంటే మురుకులా విరిగింది, లోపల రాగి నల్లబడి ఉంది. దీని గురించి మెగ్గర్ ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పదు కూడా. ట్రాన్స్‌ఫార్మర్ పనే రెండు వైపులా విడదీయడం. ప్రైమరీ వైపు నిలబడి కొట్టినంతసేపు సెకండరీ (12 వోల్టుల) వైపు ఏం తగలడుతున్నా తెలియదు. డీబీ దగ్గర 200 మెగాఓములు వచ్చిన ఇంట్లో సీలింగ్ లోపల రెండు వైర్లు బొగ్గవుతుండొచ్చు.

"పన్నెండు ఓల్టులే గద అక్కా, ఏం జేస్తది" అన్నాడు కుర్రాడు. మేడం నుంచి అక్కకి ఎప్పుడు దిగాడో నేను గమనించలేదు.

చాలామంది ఎలక్ట్రీషియన్ల నమ్మకం అదే, సగం నిజం కూడా. పన్నెండు వోల్టులు షాక్ కొట్టవు. కానీ యాభై వాట్లని 230 మీద పంపితే వైరులో పారేది 0.22 యాంపులు, 12 మీద పంపితే 4.17. ఎక్కడో కనెక్టర్ వదులై అర ఓమ్ అడ్డం వచ్చిందనుకోండి. 230 వైపు ఆ చోట పుట్టే వేడి లెక్కలోకి రాదు, వాటులో నలభయ్యో వంతు. 12 వైపు అదే అర ఓమ్ దగ్గర ఆరేడు వాట్లు. సోల్డరింగ్ ఐరన్ చిన్నది ఒకటి ప్లాస్టిక్ కనెక్టర్ లోపల రోజూ నాలుగు గంటలు పెట్టి ఉంచినట్టు. పైగా ఆ డైక్రోయిక్ హాలోజన్ల అద్దం వెలుగుని కిందికి పంపి, వేడిలో ఎక్కువ భాగాన్ని వెనక్కి, అంటే సీలింగ్ లోపలికి వదులుతుంది. మామూలు పీవీసీ వైరు 70 డిగ్రీల దాకా అని చేసింది. మే నెలలో పై అంతస్తు స్లాబు కింద, గాలి ఆడని అడుగు సందులో, హాలోజన్ వీపు వెనక, ఆ డెబ్బై ఏ మూలకి? ఇలాంటి తప్పుకి ఎంసీబీ పడదు, ఆర్సీసీబీ పడదు. కారే కరెంటు లేదు, ఎక్కువైన కరెంటు లేదు. ఉత్త వేడి.

కాబట్టి 12 వోల్టుల వైపు పరీక్ష విడిగా చేయాలి. బల్బు తీసి, ఆ రెండు వైర్లనీ కలిపి, ప్రైమరీకి ఒకసారి, ఎర్త్‌కి ఒకసారి, 250తో. దాన్ని ఎర్త్‌కి కలపకూడదు కూడా. విడిగా ఉండటమే దాని రక్షణ. ఒకే పెద్ద ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ బీరువా మీద పెట్టి పది మీటర్ల 12 వోల్టుల వైరు లాగే ఇళ్లున్నాయి, వాటికి ఇది మరీ ముఖ్యం. అలాంటి చోట్ల ఒక చదరపు మిల్లీమీటర్ వైరు వాడితే చివర ఒక్క యాభై వాట్ల బల్బు ఉన్నా అక్కడిదాకా వెళ్లి వచ్చేసరికి ఒకటిన్నర వోల్టు దారిలోనే ఖర్చయిపోతుంది, పన్నెండులో ఒకటిన్నర. హోల్డర్ దగ్గరి వేడికి మాత్రం మెగ్గర్ కాదు, కన్నూ ముక్కూ కావాలి.

ఇప్పుడు హాలోజన్లు పోయి ఎల్ఈడీ డ్రైవర్లొచ్చాయి, ఇక భయం లేదంటారేమో. కొత్త భయం ఉంది. ట్రూప్ బజార్‌లో డ్రైవర్ అడిగితే చూడటానికి ఒకేలా ఉండే రెండు తెల్ల డబ్బాలు, రెండు రేట్లు. ఒకదాని లోపల నిజమైన ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, అవుట్‌పుట్ మెయిన్స్ నుంచి విడిగా ఉంటుంది. చవకదాంట్లో చాలాసార్లు అది ఉండదు. అవుట్‌పుట్ మీద ముప్పై ఆరు వోల్టులని రాసి ఉంటుంది, నిజమే, రెండు వైర్ల మధ్య అంతే. కానీ అందులో ఏ వైరుకైనా భూమికీ మధ్య మెయిన్స్ ఉండొచ్చు. తక్కువ వోల్టులే కదా అని వంటగది కప్‌బోర్డు కింద, సింకు పక్కన, తొడుగు లేని స్ట్రిప్ లైటుకి దాన్ని తగిలిస్తారు. డబ్బా మీద బీఐఎస్ గుర్తు, ఐఎస్ 15885 ఉన్నాయో లేదో చూడటం మొదటి పని. అదొక్కటే చాలదు, మెయిన్స్ నుంచి విడిగా ఉందో లేదో మెగ్గర్ చెబుతుంది. డ్రైవర్‌ని దేనికీ కలపకుండా బల్ల మీద పెట్టి, ఇన్‌పుట్ రెండు వైర్లూ ఒక ముడి, అవుట్‌పుట్ రెండు వైర్లూ ఒక ముడి, మధ్యలో 250. విడిగా ఉన్నదైతే వందల మెగాఓములు. లేనిదైతే అంకె కిందికి కూలబడుతుంది. ఒక్క నిమిషం పని.

ఇదంతా చెబితే కాంట్రాక్టర్లు చెప్పే మాటలు నాకు కంఠతా వచ్చు. టైం లేదు మేడం. ఎవరూ అడగరు మేడం. సీలింగ్ వాళ్లు వేరే, మేము వేరే మేడం. ఈ మూడోదే అసలు జబ్బు. ఎలక్ట్రీషియన్ పైపులు వేసి వెళ్లిపోతాడు. జిప్సం పనివాళ్లు, పాపం వాళ్లకి బోర్డు వెనక ఏముందో కనపడదు, మిషన్ గన్‌తో గంటకి వందల స్క్రూలు కొడతారు. ఆ తర్వాత ఎలక్ట్రీషియన్ వచ్చి లైట్లు తగిలించి, వెలిగాయా లేదా చూసి డబ్బు తీసుకుంటాడు. స్క్రూ దిగిన వైరు కూడా దివ్యంగా వెలుగుతుంది, తమ్ముడింట్లో పన్నెండేళ్లు వెలిగింది. తప్పు ఎవరిదో తేలని పనిలో ఎవరూ చూడరు. అందుకే ఆ రోజు అంకె కాగితం మీద ఉండాలంటాను. అంకె ఉంటే, బోర్డులు బిగించకముందు ఇంత, బిగించాక ఇంత అని ఉంటే, స్క్రూ ఎవరిదో అక్కడికక్కడే తేలుతుంది, ఆ బోర్డు ఒక్కటి విప్పితే సరిపోతుంది. టైం సంగతంటారా, ట్రాన్స్‌ఫార్మర్లు లేని మూడు పడకగదుల ఇంటికి మొత్తం లైట్ల సర్క్యూట్లు కొట్టడానికి నాకు నలభై నిమిషాలు పట్టింది. తమ్ముడింట్లో ఒక్క సర్క్యూట్‌లో తప్పు పట్టుకోవడానికి ఒక రోజు, సీలింగ్ కోసి అతికి రంగు వేయడానికి ఇంకో నాలుగు.

ఆ కుర్రాడు తర్వాత సొంతంగా ఒక మెగ్గర్ కొన్నాడు. సెకండ్ హ్యాండ్‌ది, కోఠిలో. తమ్ముడింటి డీబీ తలుపు లోపలి వైపు మార్కర్‌తో తనే రాశాడు: హాల్ స్పాట్లు 180, కోవ్ 210, వంటగది 95, తేదీ. చానల్‌కి ఒక ఎర్త్ వైరు కూడా లాగాడు, నేను అడగకముందే.

పోయిన నెల నిజాంపేట్‌లో ఏదో కొత్త ఫ్లాట్ నుంచి ఫోన్ చేశాడు. గొంతులో కంగారు.

"అక్కా, మొత్తం ఇంటికి ముడేసి ఎర్త్‌కి అయిదొందలతోని కొడుతున్న. 0.4 వస్తుంది. స్విచ్చులు ఆపినా 0.4, ఏసినా 0.4. లైట్లు ఇంకా పెట్టలే. కిందికి పోదు, మీదికి పోదు."

వాన లేదు, లైట్లు లేవు, స్విచ్చు వేసినా ఆపినా ఒకటే. కారే వైరు ఇంత నిలకడగా ఉండదు. నాకు మా టెస్టింగ్ బల్ల గుర్తొచ్చింది. పిడుగుల నుంచి కాపాడే సర్జ్ ప్రొటెక్టర్ లోపల 275 వోల్టుల వేరిస్టర్ ఉంటుంది. డీసీలో 430 వోల్టుల దగ్గర అది తలుపు తీసి ఒక మిల్లీయాంపు వదులుతుంది. మెగ్గర్ ఇవ్వగలిగేదీ దాదాపు ఒక మిల్లీయాంపే. 430ని ఒక మిల్లీయాంపుతో భాగిస్తే 0.43.

"డీబీలో సర్జ్ ప్రొటెక్టర్ ఏమన్నా ఉందా తమ్మీ? మూలకి, చిన్న పచ్చ కిటికీ ఉంటది."

కాసేపు చప్పుడు లేదు. స్క్రూడ్రైవర్ డబ్బాకి తగిలిన శబ్దం.

"ఉందక్కా."

"ఊడదీసి మళ్లీ కొట్టు."

"...రెండొందలు దాటింది."